మంట ఆరింది కదా అని మాస్కు తీయకు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఫైర్‌మన్‌గా సెలెక్ట్ అయ్యావని ఒక మాట, "అన్నయ్యా, నువ్వైనా వద్దని చెప్పు" అని ఇంకో మాట. రెండూ ఏడుస్తూనే చెప్పింది. నేను వద్దనను. ఫోన్ పెట్టేశాక బీరువాలోంచి నా పాత బెల్టు తీసి చూసుకున్నాను. ఇరవై తొమ్మిదేళ్లు నడుముకి కట్టుకున్నది. మన ఇంట్లో ఇంకొకడు కట్టుకోబోతున్నాడంటే గుండె నిండిపోయింది. నిద్ర మాత్రం పట్టలేదు. తెల్లారకముందే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ట్రైనింగ్‌లో చెప్పేవి నేను మళ్లీ చెప్పను. హెల్మెట్ పట్టీ బిగించు, బూట్లు సరిగ్గా వేసుకో, కదిలే టెండర్ (ఫైరింజన్) ఎక్కకు. గుట్కా, సిగరెట్ జోలికి పోతే ఊరుకోను. ఎండాకాలం డ్యూటీ ఎక్కగానే నీళ్లు తాగడం మొదలుపెట్టు, దాహం వేసేదాకా ఆగకు. అర్ధరాత్రి బెల్ మోగగానే గాఢనిద్రలోంచి లేచి పరిగెత్తే ఉద్యోగం ఇది. అది గుండె మీద ఎంత భారమో వయసులో ఉండగా తెలియదు. అమెరికాలో డ్యూటీలో చనిపోయే ఫైర్ సిబ్బందిలో దాదాపు సగం మంది గుండె ఆగి పోతున్నవాళ్లే. ఏటా బీపీ, షుగర్, గుండె పరీక్ష చేయించుకో.

పాడుబడ్డ బావిలో మనిషి పడ్డాడని కాల్ వస్తే, పైన వాళ్లింటివాళ్లు ఎంత ఏడుస్తున్నా బీఏ సెట్ (వీపున గాలి సిలిండర్, మొహానికి మాస్కు) లేకుండా దిగకు. లాంతరు దించి చూశాం, ఆరలేదు అంటారు. దీపం ఆరలేదంటే ఆక్సిజన్ ఉందని అర్థం, విషవాయువు లేదని కాదు. ఒకడి కోసం దిగి ఇద్దరు ముగ్గురు పోయిన ఊళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

1997 మే నెల. నేను అప్పటికి లీడింగ్ ఫైర్‌మన్‌ని. పల్నాడు వైపు ఒక జిన్నింగ్ మిల్లు గోడౌన్ అంటుకుంది. మిట్టమధ్యాహ్నం వెళ్తే సాయంత్రం ఆరింటికి మంటలు లొంగాయి. పత్తి నిప్పు ఎలా ఉంటుందో నువ్వింకా చూడలేదు. బేలు పైకి తడిసి, నల్లగా, చల్లారినట్టే ఉంటుంది. కొంకితో లాగి చీలిస్తే లోపల కణకణలాడుతుంటుంది. గట్టిగా బిగించిన బేలులోకి నీళ్లు దిగవు. మంట ఉండదు, చప్పుడు ఉండదు, సన్నగా పొగ వస్తుంటుంది. ఒక్కో బేలూ విప్పుకుంటూ పోవాల్సిందే.

అప్పట్లో మా స్టేషన్‌కి రెండే బీఏ సెట్లు. సిలిండర్ అయిపోతే నింపించడానికి చాలా దూరం పంపాలి. లోపల మావాడొకడు, నాకంటే నాలుగేళ్లు చిన్న, బీఏ వేసుకుని బేళ్లు లాగుతున్నాడు. గేజ్ చూశాను. ఇంకా సగం గాలి ఉంది. రాత్రికి ఇంకో కాల్ వస్తే ఎలా అని నా టెన్షన్. "మంట పోయింది కదా తమ్ముడూ, మాస్కు తీసెయ్. తువ్వాలు తడిపి కట్టుకో, చాలు" అన్నాను. ఆ మాట నేనే అన్నాను, అల్లుడూ. అతను ఒక్క క్షణం నా వంక చూసి, మారుమాట్లాడకుండా తీశాడు. నేనూ తువ్వాలు కట్టుకుని తలుపు దగ్గర హోస్ పట్టుకున్నాను.

గంట తర్వాత బయటికొచ్చి టెండర్ వెనక చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. తల పగిలిపోతోంది, టీ తెప్పించన్నా అన్నాడు. గ్లాసు చేతికిచ్చాను. పట్టుకున్నాడు గానీ నోటిదాకా తీసుకెళ్లలేదు. గ్లాసు మెల్లగా వంగి టీ అంతా ఒళ్లో పడుతున్నా అలాగే చూస్తూ కూర్చున్నాడు. పొగలు కక్కే టీ. ఉలిక్కిపడలేదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. నాలుగో రోజుకి నవ్వుతూ ఇంటికొచ్చాడు, గండం గడిచిందనుకున్నాం. మూడు వారాలకి, స్టేషన్ నుంచి ఇంటికి బయలుదేరి దారి మర్చిపోయాడు. డ్రిల్లులో కళ్లు మూసుకుని చెయిర్ నాట్, అదే మనిషిని తాడుతో కిందికి దించే ముడి, వేసేవాడు. అలాంటివాడు తాడు చేతిలో అటూ ఇటూ తిప్పుతూ నా మొహంలోకి చూసేవాడు. కార్బన్ మోనాక్సైడ్ కొందరిలో మెదడుని వారాల తర్వాత కూడా దెబ్బతీస్తుందని అప్పుడు డాక్టర్ చెబితే తెలిసింది.

దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోటుని అది 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తడి తువ్వాలు దాన్ని ఆపదు. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటర్‌కి ఆ రెండిటికీ తేడా తెలియదు, మనిషి తూలుతున్నా 98 చూపించగలదు. ఇప్పటి ఇళ్లలో పరుపులు, సోఫాల ఫోమ్ కాలితే దానికి తోడు సైనైడ్ వాయువు కూడా. అందుకే కూలింగ్ అయ్యేదాకా మాస్కు తీయకు. పైవాడు తీయమన్నా తీయకు. తిడతారు, తిట్టనీ. మెమో ఇస్తే నా దగ్గరికి తీసుకురా, నేనొచ్చి మాట్లాడతాను.

గాలి లెక్క కూడా నీ చేతిలో ఉండాలి. 6 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ఒత్తిడితో గాలి నింపారంటే సుమారు 1,800 లీటర్లు. కాగితం మీద 45 నిమిషాలు. హోస్ లాగుతూ రొప్పితే అరగంట కూడా రాదు. గాలి తగ్గిందని సెట్‌లో విజిల్ మోగాక బయలుదేరడం కాదు, మోగేసరికి బయట ఉండాలి.

ఇంకొకటి. మసి పట్టిన డ్రెస్‌తో గర్వంగా ఇంటికెళ్లేవాళ్లం మేము. మీ అత్తయ్య ఆ బట్టలు చేత్తో ఉతికేది, పిల్లలు వాటిమీదే పడి ఆడుకునేవారు. తలచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది. 2022లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫైర్‌మన్ పనినే క్యాన్సర్ కారకాల మొదటి గుంపులో, అంటే క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో, చేర్చింది. ఒళ్లు వేడెక్కి చెమట పట్టినప్పుడు మసిలోని విషం చర్మంలోంచి ఇంకా తేలిగ్గా దిగుతుంది. కాల్ అవ్వగానే అక్కడే డ్రెస్ మీద నీళ్లు కొట్టించుకో. మెడ, చెవుల వెనక, చంకలు సబ్బుతో కడుక్కో. ఆ డ్రెస్ స్టేషన్‌లోనే ఉండాలి, మీ అమ్మ చేతికి ఇవ్వకు.

ఏప్రిల్ 14న పరేడ్‌లో నిలబడతావు. 1944లో బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలినప్పుడు పోయిన 66 మంది ఫైర్ సిబ్బంది కోసం ఆ రోజు మౌనం పాటిస్తాం. ఆ ఓడలోనూ ముందు రాజుకున్నది పత్తి బేళ్లే. ఏటా ఆ రెండు నిమిషాలూ నాకు ఆ 66 మందితో పాటు టీ గ్లాసు పట్టుకున్న ఒక చెయ్యి కనబడేది.

అతను ఉన్నాడు. నెలకోసారి వెళ్లి చూసొస్తాను. ఒక్కోసారి పేరుపెట్టి పిలుస్తాడు, ఒక్కోసారి ఎవరండీ అంటాడు. నువ్వు ట్రైనింగ్‌కి వెళ్లేముందు ఒక ఆదివారం రా, ఇద్దరం కలిసి వెళ్దాం. వచ్చేటప్పుడు మీ ఇంట్లో మంచి తాడుంటే ఒకటి తీసుకురా. చెయిర్ నాట్ నీకు అతని ముందే నేర్పిస్తాను.

నీ మామయ్య