ఫుట్‌బాల్‌లో కొందరు మిడ్‌ఫీల్డర్లు ఏటా క్లబ్ ఎందుకు మారుతుంటారు?

ప్రతిభ చాలకే అనుకుంటారు చాలామంది. అన్నివేళలా అది నిజం కాదు. మైదానం మధ్య భాగంలో ఆడే మిడ్‌ఫీల్డర్ విలువ కోచ్ ఆడించే పద్ధతిని బట్టి ఉంటుంది. ప్రత్యర్థి కాళ్ల దగ్గర బంతి లాక్కోవడంలో దిట్ట అయినవాడు, కొత్త కోచ్ వచ్చి చిన్న చిన్న పాసుల ఆట కావాలంటే బెంచీకే పరిమితమవుతాడు. ఇక ఏజెంటు లోన్ (తాత్కాలికంగా మరో క్లబ్‌కు ఆడే ఏర్పాటు) వెతకాల్సిందే. పైగా 1995 నాటి బోస్మన్ తీర్పుతో, ఐరోపా సమాఖ్యలో ఒప్పందం ముగిసిన ఆటగాడు బదిలీ రుసుము లేకుండానే మరో క్లబ్‌కు వెళ్లగలుగుతున్నాడు.

మిడ్‌ఫీల్డర్‌గా పేరు తెచ్చుకున్న కెవిన్-ప్రిన్స్ బోటెంగ్‌నే చూడండి. హెర్తా బెర్లిన్, టోటెన్‌హామ్, మిలాన్, షాల్కే, లాస్ పాల్మాస్... ఇన్ని తిరిగాక ఫ్రాంక్‌ఫర్ట్ తరఫున 2018లో జర్మన్ కప్ గెలిచాడు. 2019 జనవరిలో సస్సువోలో నుంచి లోన్‌పై ఏకంగా బార్సిలోనాకు! అక్కడ ఆడింది మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మ్యాచ్‌లే.