1,187 సమస్యలున్నాయట, డబ్బు కట్టాలా?

ప్రశ్న: సార్, గాజువాకలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. హాల్ టికెట్లు, అప్లికేషన్లు, ఆధార్ ప్రింట్లు అన్నీ ఒక్క కంప్యూటర్ మీదే. నెల రోజులుగా అది బాగా నెమ్మదించింది. ఆన్‌లైన్‌లో సాయం అడిగితే ఒకాయన ‘ఈ సాఫ్ట్‌వేర్ వేసి చూడండి, నేనూ ఇదే వాడతాను, ఫ్రీ’ అని లింకు పంపారు. వేస్తే రెండు నిమిషాల్లో 1,187 సమస్యలున్నాయని ఎర్రటి అక్షరాల్లో చూపించింది, బాగుచేయడానికి 2,499 రూపాయలు అడుగుతోంది. తర్వాత తెలిసింది, దాన్ని తయారుచేసింది ఆయనేనట. చాలా టెన్షన్‌గా ఉంది, కట్టమంటారా?
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: కట్టకండమ్మా. ముందు ఆ సాఫ్ట్‌వేర్‌ని తీసేయండి.

తన సరుకు గురించి తాను చెప్పుకోవడం తప్పేమీ కాదు. పూర్ణా మార్కెట్‌లో కూరగాయలామె తన వంకాయలే లేతవంటుంది, అమ్మేది ఆమేనని మనకు తెలుసు కాబట్టి మనం చూసుకుని కొంటాం. ఈయన మాత్రం ‘నేనూ వాడతాను’ అంటూ మీలాంటి వాడిలా మాట్లాడాడు. నాకు కోపం తెప్పించేది అదే. భయపడి సాయం అడిగిన మనిషి దగ్గర ఆ ఒక్క మాట దాచకూడదు.

ఇక ఆ 1,187 సంగతి. ఇలాంటి ఒక సాఫ్ట్‌వేర్‌ని నేను అప్పుడే ఫార్మాట్ చేసి విండోస్ ఎక్కించిన ల్యాప్‌టాప్‌లో వేసి చూశాను, ఇంకా ఇంటర్నెట్‌లో ఒక్క పేజీ కూడా తెరవలేదు, అయినా వందల సమస్యలు చూపించింది. బ్రౌజర్ కుకీలు, టెంపరరీ ఫైళ్లు, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు) మిగిలిపోయిన పాత ఎంట్రీలు, ఇవన్నీ కలిపి లెక్కేస్తే ఏ కంప్యూటర్‌లోనైనా అంకె పెద్దగానే వస్తుంది. నిజంగా వైరస్ దొరికితే దాని పేరు, అది ఏ ఫోల్డర్‌లో ఏ ఫైలులో ఉందో చూపించాలి కదా. మీకు చూపించిందా?

లేని సమస్యలు చూపించి డబ్బు గుంజారనే ఆరోపణ పెద్ద కంపెనీల మీద కూడా వచ్చింది. అమెరికాలో ఆఫీస్ డిపో దుకాణాల్లో పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత పరీక్ష చేసేవారు. కంప్యూటర్ నెమ్మదిగా ఉందా, పాప్-అప్‌లు వస్తున్నాయా, ఇలా మొదట్లో నాలుగు ప్రశ్నలు అడిగి, ఒక్కదానికి అవునన్నా చాలు, స్కాన్‌లో ఏం తేలినా సంబంధం లేకుండా మాల్వేర్ (వైరస్ లాంటి హానికర ప్రోగ్రాములు) లక్షణాలున్నాయని చూపించేదని అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2019లో సెటిల్‌మెంట్ కింద ఆఫీస్ డిపో 2.5 కోట్ల డాలర్లు, ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సపోర్ట్ డాట్ కామ్ కోటి డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. కంప్యూటర్ నెమ్మదిగా ఉందనే కదా ఎవరైనా చూపించడానికి తెచ్చేది!

అలాగని మీ భయం ఉత్తదే అనను. మీది జిరాక్స్ షాపు, రోజుకు ఎంతమంది పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతారో మీకే తెలుసు, షార్ట్‌కట్ వైరస్ వచ్చేది వాటి నుంచే. విండోస్ సెక్యూరిటీ తెరిచి, స్కాన్ ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి, సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది కాబట్టి షాపు కట్టేసే ముందు పెట్టుకోండి. ఇంకా అనుమానముంటే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే సేఫ్టీ స్కానర్ దింపుకోండి, ఉచితమే, కాకపోతే పది రోజులకు గడువు తీరిపోతుంది, మళ్లీ కొత్తది దింపుకోవాలి. ఇకపై ఎవరి పెన్‌డ్రైవ్ పెట్టినా రైట్ క్లిక్ కొట్టి స్కాన్ చేశాకే తెరవండి.

కార్డు వివరాలు ఇప్పటికే ఇచ్చేసి ఉంటే బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆయన మీ కంప్యూటర్‌లోకి రిమోట్‌గా వచ్చి ఉంటే పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చుకోండి.

స్కాన్‌లో ఏమీ దొరకకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ ఎంత శాతం వాడకంలో ఉందో చూడండి. పని లేనప్పుడూ వందకు దగ్గరగా ఉంటే, అందులో పాత హార్డ్ డిస్క్ ఉంటే, నాకు అనుమానం దాని మీదే. అప్పుడు ముందు మీ ఫైళ్లన్నీ కాపీ తీసి పెట్టుకుని, తెలిసిన మెకానిక్‌తో పాత హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) వేయించండి. 2,499 దాచుకుంటే అందుకు పనికొస్తాయి.