ఫిర్యాదు రాసేటప్పుడు వాళ్ల మాటే రాయి, బిడ్డా

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు మేనత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ వదిలేసి పోలీసు, భద్రతా చదువులు చెప్పే గుజరాత్‌లోని రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయంలో చేరతానని పట్టుబట్టావట. నీకు నచ్చజెప్పమని నన్ను బతిమాలాడు. "మన ఇంట్లో ఒక ఖాకీ చాలదా అక్కా" అన్నాడు. వాడి మీద కోప్పడకు. నేను బందోబస్తుకు వెళ్లిన ప్రతిసారీ తిరిగొచ్చేదాకా గుమ్మంలో కూర్చుని ఎదురుచూసినవాడు వాడే. నాకు మాత్రం తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్ల పోలీసు చదువు కోరి చదువుతానంటోందన్న గర్వం ఒకపక్క, దిగులు ఒకపక్క.

వెళ్లు. నేను ఆపను. కొన్ని సంగతులు మాత్రం విను.

ఆ డిగ్రీ చేతికి రాగానే యూనిఫాం దానంతట అదే రాదు. ఇక్కడ ఎస్‌ఐ కావాలంటే ఏ డిగ్రీ చదివినవాళ్లయినా రాసే పరీక్షే నువ్వూ రాయాలి. ప్రిలిమినరీ, ఆ తర్వాత దేహదారుఢ్య పరీక్షలు, చివర తుది రాత పరీక్ష. ఆడపిల్లలకు 800 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ ఉంటాయి. పరుగు ఇప్పటి నుంచే మొదలుపెట్టు. ఆర్ట్స్ కాలేజీ మైదానం మీ ఇంటికి ఎంత దూరం? ఏడింటిదాకా పడుకునే అలవాటు ఈ వారమే మానుకో.

పుస్తకాలు చూసి కొను. 2024 జూలై 1 నుంచి నేరాలూ శిక్షలూ చెప్పే ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, కేసు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్యాల చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాయి. అలాగని పాతవి పారేయకు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలు ఇంకా ఐపీసీ కిందే కోర్టుల్లో నడుస్తున్నాయి. రెండూ రావాలి నీకు.

ఇక అసలు సంగతి. కాస్త పొడుగు, ఓపికగా చదువు.

నేను కానిస్టేబుల్‌గా చేరిన కొత్తలో ఒక స్టేషన్‌లో ఉండగా, ఏ స్టేషనో నీకు అనవసరం, పొద్దుగూకే వేళ ఒక పెద్దావిడ వచ్చింది. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మి, డబ్బు కొంగున ముడేసుకుని బస్సు కోసం నడిచి వెళుతుంటే ఒకడు వెనక నుంచి వచ్చి ఆ కొంగు కోసుకుపోయాడు. తెగిన చీర అంచు పిడికిట్లో పట్టుకునే బల్ల మీద కూర్చుంది. ఏడవలేదు. "వాడి కుడిచేతి చూపుడువేలు సగమే ఉందయ్యా, కత్తి పట్టుకున్నప్పుడు చూశాను" అని అడిగినా అడగకపోయినా చెబుతూనే ఉంది.

స్టేషన్ రైటర్ చెడ్డవాడు కాదు. ఆవిడకు టీ కూడా తెప్పించాడు. కానీ రోజూ అలాంటి ఫిర్యాదులు రాసి రాసి అతని చేతికి కొన్ని వాక్యాలు అలవాటైపోయాయి. "గుర్తు తెలియని వ్యక్తి" అని రాశాడు. వేలి మాట రాయలేదు. చదివి వినిపించలేదు. ఆవిడ బొటనవేలికి సిరా పూసి కాగితం మీద ఒత్తించాడు, అయిపోయింది.

కొన్ని నెలలకు ఇంకో కేసులో ఒకడు దొరికాడు. చూపుడువేలు సగమే ఉంది. డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది, జప్తు చేయడానికి ఏమీ మిగల్లేదు. కొందరి మధ్య నిలబెట్టి గుర్తుపట్టించే గుర్తింపు పరేడ్‌లో ఆవిడ వాణ్ణి చూపించింది. కోర్టులో నిందితుడి వకీలు ఒకటే అడిగాడు: "వేలు అంత బాగా చూసినదానివి ఫిర్యాదులో ఎందుకు చెప్పలేదు?" "చెప్పాను దొరా, వాళ్లే రాసుకోలేదు" అంది. కాగితం మీద లేదు. అరెస్టు చేశాక పోలీసులే నేర్పించారన్నాడు వకీలు. అనుమానం ఉంటే ఆ లాభం నిందితుడికే దక్కాలి కాబట్టి వాణ్ణి వదిలేశారు. కోర్టును నేను తప్పు పట్టను. మెట్లు దిగుతూ ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నువ్వూ అక్కడే ఉన్నావు కదమ్మా, నేను చెప్పలేదా?" అని అడిగింది. చెప్పావమ్మా అన్నాను.

నోటితో చెప్పిన ఫిర్యాదు రాసి, చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోవాలని సీఆర్‌పీసీ 154వ సెక్షన్‌లో అప్పుడూ ఉంది. ఇప్పుడు సురక్షా సంహిత 173లో ఉంది. రాసినదాని నకలు ఫిర్యాదు చేసినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. మా పరిధి కాదని తిప్పి పంపకూడదు. కొన్ని నేరాల్లో బాధితురాలి మాట మహిళా అధికారే రాసుకోవాలి. ఇవన్నీ పరీక్షలో నాలుగు మార్కులకు వస్తాయి, నువ్వు గడగడా రాసేస్తావు. నా భయం అది కాదు. చదువుకున్న పిల్లవు కదా, ఎదుటివాళ్లు సగం చెప్పేసరికే మిగతాది అర్థమైందనుకుంటావు. చిన్నప్పటి నుంచీ నీకు ఆ తొందర ఉంది. వాళ్లు వేలు అంటే వేలు అనే రాయి. వాళ్ల ఊరి మాట నీకు మోటుగా అనిపించినా మార్చకు.

మేడారం జాతరలో తప్పిపోయిన పిల్లల శిబిరంలో పని చేసినప్పుడు నాకు ఇదే పనికొచ్చింది. అమ్మ పేరేమిటంటే "అమ్మ" అంటారు, ఊరేదంటే "మా ఊరు" అంటారు. ఒక పిల్లవాణ్ణి మీ ఇంటి ముందు ఏముందని అడిగితే "టవరు, దాని కింద మేకలు" అన్నాడు. మైకులో అదే చెప్పించాను. తల్లి పరుగెత్తుకొచ్చింది. జంపన్నవాగు దగ్గర తోపులాట మొదలైతే ఎలా ఉంటుందో కూడా అక్కడే చూశాను. చదరపు మీటరుకు ఐదారుగురు దాటితే మనిషి తన కాళ్ల మీద తాను కదలలేడు. జనసమూహాల నిర్వహణ మీద పాఠం ఏదైనా ఉంటే తప్పక తీసుకో. తుపాకీ గురించి తర్వాత నేర్చుకోవచ్చు.

అక్కడ హిందీలో తడబడితే సిగ్గుపడకు. మార్కులు తగ్గితే మీ నాన్నకు కాదు, ముందు నాకు చెప్పు. రాత్రిపూట హాస్టల్ బయట తిరిగావని తెలిస్తే మాత్రం ఊరుకోను, పోలీసు చదువు చదివేవాళ్లకు ఏమీ కాదనుకోకు. ఇంత రాసి మళ్లీ భయపెట్టానేమో. నువ్వు ధైర్యం గలదానివే తల్లీ, అది నాకు తెలుసు.

మీ నాన్నతో నేను మాట్లాడతాను, ఒప్పుకుంటాడు. అహ్మదాబాద్ వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వరంగల్లులో ఆగుతుంది. మొదటిసారి నిన్ను దింపడానికి మేమిద్దరం వస్తాం, వద్దన్నా వినను. సీటు ఖాయం కాగానే ముగ్గురికీ టికెట్లు తీయించు.

నీ మేనత్త