గడప దాటని పిల్లికి టీకా ఎందుకు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు. మా పిల్లి పేరు కోవా. ఆడపిల్లి, రెండేళ్లు దాటాయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించేశాం. పుట్టిన రెండో నెలలో ఒకసారి, మూడో నెలలో ఒకసారి త్రీ ఇన్ వన్ టీకా వేయించాం. ఆ తర్వాత ఏమీ వేయించలేదు. అది ఇల్లు దాటి వెళ్లదు, బాల్కనీకి వల కట్టించాం. ఒక డాక్టరు ఏటా అన్ని టీకాలూ పడాల్సిందే అంటున్నారు. మా అత్తగారేమో "మా పుట్టింట్లో పది పిల్లులుండేవి, ఒక్కదానికైనా సూది పొడిపించామా?" అంటారు. బుట్టలో పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి కోవా ఇల్లు పీకి పందిరేస్తుంది. ఇంట్లోనే ఉండే పిల్లికి ఏటా ఈ తిప్పలు అవసరమా?
- ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి వచ్చిన ఉత్తరం కాబట్టి తిన్నగా వాడుక మాటల్లోనే చెబుతానమ్మా. టీకాలు అవసరమే. అన్నీ ఏటా అక్కర్లేదు. మీ డాక్టరు గారి మాటలో సగం, మీ అత్తగారి మాటలో పావు వంతు నిజం ఉంది.

ముందు నా తప్పొకటి చెప్పుకోవాలి. పదిహేనేళ్ల కిందట రాయగడలో ఉద్యోగం చేస్తున్నప్పుడు మా ఇంట్లో నూకాలు అని ఏడు నెలల పిల్లి ఉండేది. గడప దాటేది కాదు. టీకా విశాఖ నుంచి తెప్పించాలి. తెప్పిద్దాంలే, ఇంట్లో పిల్లేగా అని నెలలు గడిపేశాను. దానికో అలవాటుండేది. సాయంత్రం నేను ఇంటికి రాగానే నా తోలు చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకుని, పట్టీలు నాకేది. చెమట ఉప్పు రుచి కాబోలు. ఒకరోజు ఆస్పత్రికి ఓ కుర్రాడు వెదురు బుట్టలో పిల్లికూనను తెచ్చాడు. పసుపుపచ్చ నురగ కక్కుతోంది. సెలైన్ ఎక్కించాను, సాయంత్రం లోపే పోయింది. చేతులు సబ్బుతో కడిగాను, ఇంటికొచ్చి చొక్కా మార్చాను. చెప్పులెవరు కడుగుతారు?

ఆరో రోజు పొద్దున నూకాలు నీళ్ల గిన్నె ముందు కూర్చుంది. మూతి నీళ్లకు అంగుళం దూరంలో ఉంది. దాహం వేస్తోంది, తాగలేకపోతోంది. అలా గిన్నె మీదకు తల వాల్చి కూర్చోవడం ఈ జబ్బులో తరచూ కనిపించే లక్షణమే. చదువుకున్నాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మూడో రోజు పోయింది. అది గడప దాటలేదు. జబ్బును నేనే కాళ్లకు తొడుక్కుని లోపలికి తెచ్చాను.

ఆ జబ్బు పేరు పాన్‌ల్యూకోపీనియా. కుక్కల్లో పార్వో అంటారే, దానికి దగ్గరి చుట్టం, అందుకే పిల్లి పార్వో అని కూడా అంటాం. రక్తంలో తెల్లకణాలను పడగొడుతుంది, పేగు లోపలి పొరను తినేస్తుంది. ఈ వైరస్‌కు ఆయుష్షు ఎక్కువ. నేల పగుళ్లలో, గోనెపట్టాల్లో, చెప్పుల అడుగున ఏడాది దాకా బతికుండగలదు. పిల్లి బయటికి వెళ్లక్కర్లేదు, మీరు సంతకెళ్లొస్తే చాలు. మనం రోజూ తుడిచే ఫినాయిల్‌కు అది చావదు. పైగా ఫినాయిల్ పిల్లులకు విషం. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే కడుపులోకి పోతుంది. ఆ అలవాటు మీకుంటే ఈరోజే మానేయండి. వైరస్‌ను చంపాలంటే బట్టలకు వాడే బ్లీచు ద్రావణం లీటరు నీళ్లకు 30 మిల్లీలీటర్లు కలిపి, పది నిమిషాలు నేల మీద ఉంచి, తర్వాత మంచినీళ్లతో కడగాలి. అంతసేపూ పిల్లిని వేరే గదిలో ఉంచాలి.

మీరు వేయించిన త్రీ ఇన్ వన్‌లో ఈ పార్వోతో పాటు పిల్లి జలుబు తెప్పించే రెండు వైరస్‌లకు, అంటే హెర్పిస్, క్యాలిసీలకు కూడా మందుంటుంది. కోవాకు మూడో నెలతో ఆపేశారన్నారు. చిక్కంతా అక్కడే ఉంది. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ కూన ఒంట్లో ఉన్నంతకాలం టీకా పనిని అదే అడ్డుకుంటుంది. కొన్నిటిలో అది నాలుగో నెల దాకా పోదు. అందుకే రెండో నెలలో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలలు నిండేదాకా వేస్తారు. ఆరు నెలలకో ఏడాదికో ఇంకొకటి వేస్తారు. చివరి ఆ రెండూ కోవాకు పడలేదు. మొదటి రెండూ పట్టాయో లేదో పైకి చూసి చెప్పలేం.

కాబట్టి ఇప్పుడు త్రీ ఇన్ వన్ ఒకటి వేయించండి. పెద్ద పిల్లికి పార్వో వరకు ఆ ఒక్కటీ చాలు. జలుబు వైరస్‌ల కోసం మూడు నాలుగు వారాల తర్వాత రెండోది వేయించండి. ఇక మూడేళ్ల దాకా త్రీ ఇన్ వన్ ఊసెత్తక్కర్లేదు. ఇది నా సొంత లెక్క కాదు. పెంపుడు జంతువుల డాక్టర్ల ప్రపంచ సంఘం కూడా ఇంటిపట్టున ఉండే పిల్లులకు మూడేళ్లకంటే ముందు మళ్లీ వేయవద్దనే చెబుతోంది. ఒక్క మినహాయింపు ఉంది. జలుబు వైరస్‌ల మీద టీకా పట్టు పార్వో మీద ఉన్నంత గట్టిది కాదు. మీరు ఊరెళుతూ కోవాను పది పిల్లులుండే బోర్డింగులో వదిలే అలవాటుంటే అది ఏటా వేయించుకోవడమే మేలు.

రేబిస్ సంగతి వేరు. దీనిలో నేను బేరాలాడను. కొన్ని రేబిస్ టీకాలు మూడేళ్లు పనిచేస్తాయి. కానీ వీధికో కుక్కల గుంపున్న మన దేశంలో ఏడాదికోసారి వేయడమే వాడుక, అదే పాటించండి. మీ ఉత్తరంలో దీని మాటే లేదు. బహుశా ఒక్కసారీ వేయించలేదేమో. త్రీ ఇన్ వన్‌తో పాటు అదే రోజు వేయించవచ్చు, రెండు చోట్ల పొడుస్తారంతే.

"మా బాల్కనీకి వల ఉందండీ" అంటారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు నేను బరంపురంలో ఉన్నాను. పక్కింటివాళ్ల వంటగది కిటికీ చట్రంతో సహా ఊడి లోపలికి పడింది. వాళ్ల పిల్లి అదీ గడప దాటనిదే. ఆ కిటికీలోంచి చీకట్లోకి దూకి మాయమైంది. నాలుగో రోజు కుడిచెవి చీలి, వీపు మీద పళ్లగాట్లతో తిరిగొచ్చింది. ఏం కరిచిందో ఎవరికి తెలుసు? టీకా లేదు. నాలుగు నెలలు దాన్ని ఒక గదిలో విడిగా ఉంచమన్నాను. ఇంట్లో చంటిపిల్ల ఉంది, ఆ నాలుగు నెలలూ వాళ్లు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. 2018లో తిత్లీ మీ జిల్లాను ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మన వైపు అక్టోబరు వస్తే కిటికీలకు గ్యారంటీ లేదమ్మా.

టీకా కొనేటప్పుడు ఒక మాట. అది రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో ఉండాలి. డాక్టరు తన ఫ్రిజ్‌లోంచి తీసి వేస్తే మంచిదే. షాపులో మీరే కొని పట్టుకెళ్లాల్సి వస్తే ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కు తీసుకెళ్లండి, సీసాను ఐసుకు తగలకుండా కాగితంలో చుట్టండి. గడ్డకడితే రేబిస్ టీకా పాడైపోతుంది, కాబట్టి డీప్ ఫ్రీజర్‌లో అసలు పెట్టొద్దు. ముందురోజంతా కరెంటు లేదని తెలిస్తే ఆ షాపులో కొనకండి. ఇంకోటి, మీ ఊరివాళ్లు ఒక డోసు పర్లాకిమిడిలోనూ, ఇంకో డోసు ఏరు దాటి పాతపట్నంలోనూ వేయించి, రెండు కార్డులూ పోగొట్టుకుని నా దగ్గరికొచ్చేవారు. కార్డు ఒకటే పెట్టుకోండి, సీసా మీది స్టిక్కరు అందులో అంటించమనండి.

బుట్ట సంగతికొస్తే, వెళ్లే రోజున అటక మీంచి దింపితే ఏ పిల్లయినా గోల చేస్తుంది. వారం ముందే దింపి, మూత తీసి, మీ పాత చీర ముక్క పరిచి ఓ మూల వదిలేయండి. అందులోనే అన్నం పెట్టండి. పైన తువ్వాలు కప్పి తీసుకెళితే దారిలో సగం అల్లరి తగ్గుతుంది.

టీకా తర్వాత ఒకటి రెండు రోజులు మందకొడిగా ఉండొచ్చు, వెచ్చబడొచ్చు. ఒళ్లు కాలుతోందని పిల్లల పారాసెటమాల్ చుక్కలు మాత్రం పోయకండి. మనకు మందు, పిల్లికి ప్రాణాంతకం. మూతి వాచినా, ఆయాసపడినా, ఆగకుండా వాంతులైనా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి. అలా జరగడం అరుదు.

ఇక అత్తగారు. వారి పుట్టింట్లో పది పిల్లులుండేవంటే నమ్ముతాను. ఇక్కడి ఒడియా ఇళ్లలో పిల్లి షష్ఠీదేవి వాహనం, మనలా ఎదురొస్తే వెనక్కి తిరగరు, పాలు పోస్తారు. అయితే ఆ పది పిల్లులూ పెట్టిన కూనలెన్నో అడగండి. తల్లి ఏడిళ్లు తిప్పేలోపు ఎన్ని మిగిలేవో కూడా అడగండి. "ఎందుకో పోయేవమ్మా" అంటారు. మా అమ్మా అలాగే అనేది.

ప్రశ్న: మా పిల్లికి రేబిస్ టీకా పోయిన నెలే వేయించాం. మొన్న ఆడుతూ మా పదేళ్ల బాబు చేతిని గీరింది, కాస్త రక్తం వచ్చింది. టీకా వేసిన పిల్లే కదా, బాబుకు ఇంజెక్షన్లు అవసరమా? మా నాన్నగారు సున్నం రాశారు.
- ఒక పాఠకుడు, జయపురం

జవాబు: సున్నం, కారం, కాఫీ పొడి ఏవీ రాయకూడదు సార్. పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు, గడియారం చూసి మరీ కడగాలి. అప్పుడు కడగకపోతే ఇప్పుడైనా కడిగి, ఈ పత్రిక పక్కన పెట్టి ప్రభుత్వాస్పత్రికి వెళ్లండి. రక్తం వచ్చిన గీత కాబట్టి వాళ్లు దాన్ని మూడో తరగతి గాయంగా లెక్కవేసి, టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పట్టేలోపు వైరస్‌ను అడ్డుకునే మందు) కూడా ఇస్తారు. చర్మంలోకిచ్చే పద్ధతిలో మొదటి డోసు వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టి, ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వేస్తారు. పిల్లికి టీకా వేశామన్న ధీమాతో బాబుకు మానేయకూడదు. అది పట్టిందో లేదో మనకు తెలియదు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మందు లేదు.

పిల్లిని మాత్రం వదిలేయకుండా, కొట్టి తరిమేయకుండా పది రోజులు కళ్లెదుట ఉంచుకోండి. ఆ పది రోజులూ ఎప్పటిలా తిని తిరిగితే గీరిన రోజున దాని ఉమ్మిలో రేబిస్ లేనట్టే. ఆ సంగతి డాక్టరుకు చెబితే మిగతా డోసులు ఎలా వేయాలో ఆయన చూసుకుంటారు. మీ పిల్లికి టీకా కార్డు ఉంది కదా, అదీ తీసుకెళ్లండి.

ప్రశ్న: టీకా వేసిన చోట మా పిల్లికి చిన్న గడ్డలా తగులుతోంది. పది రోజులైంది. క్యాన్సర్ అవుతుందని ఎవరో భయపెట్టారు.
- ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: పది రోజుల గడ్డ చాలావరకు మామూలు వాపే, కొన్ని వారాల్లో కరిగిపోతుంది. మీకు చెప్పినవాళ్లది పూర్తిగా అబద్ధం కాదు. వేల పిల్లుల్లో ఏ ఒక్కదానికో సూది వేసిన చోట క్యాన్సర్ గడ్డ వచ్చే మాట నిజం. అందుకే ఈమధ్య మెడ వెనక కాకుండా కాలి కింది భాగంలో వేయమంటున్నారు. ఈసారి మీరూ అలాగే అడగండి. గడ్డ మూడు నెలలైనా పోకపోయినా, రెండు సెంటీమీటర్లు దాటినా, నెల తర్వాత కూడా పెరుగుతూనే ఉన్నా డాక్టరుకు చూపించాలి. కొత్త రూపాయి బిళ్ల సరిగ్గా రెండు సెంటీమీటర్లుంటుంది. వెంట్రుకలు పక్కకు తీసి, గడ్డ పక్కన ఆ బిళ్ల పెట్టి వారానికో ఫొటో తీసుకోండి. వేళ్లతో మాటిమాటికీ నొక్కి చూడకండి, నొప్పెట్టి గీరుతుంది. గీరితే ఏం చేయాలో పైన జయపురం వారికి రాశాను.