పాఠకుల ప్రశ్నలు: ఒక్క క్షయ రోగికి ఇన్ని శాఖలు ఎందుకు?

ప్రశ్న: మా చిన్నాన్నగారికి ఊపిరితిత్తుల క్షయ అని తేలడంతో పేటలోని కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా మందులు ఇస్తున్నారు. ఈ మధ్య కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ నుంచి ఇద్దరు ఇంటికి వచ్చి, ఒక అధ్యయనంలో చేరితే కళ్లె, రక్తం నమూనాలు అదనంగా తీసుకుంటామని చెప్పి, తమిళంలో ఉన్న కాగితం ఇచ్చి వెళ్లారు. మందులిచ్చేది ఒకరు, వివరాలు రాసుకునేది మరొకరు, పరిశోధించేది ఇంకొకరు. ఇన్ని శాఖలు ఎందుకు? కాదంటే మందులు ఆపేస్తారేమోనని ఆయన భయపడుతున్నారు.
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: ముందు భయం సంగతి చూద్దాం. కాదన్నందుకు మందులు ఆపడానికి ఎవరికీ అధికారం లేదు. ఐసీఎంఆర్ అని అందరూ పిలిచే భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన నైతిక మార్గదర్శకాల ప్రకారం అధ్యయనంలో చేరడం రోగి ఇష్టం. చేరిన తరువాత కూడా ఎప్పుడైనా తప్పుకోవచ్చు. ఏ నిర్ణయం తీసుకున్నా మామూలుగా అందవలసిన చికిత్స అందుతూనే ఉండాలి. పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద బ్యాంకు ఖాతాలో పడే సొమ్ముకూ ఈ అధ్యయనానికీ సంబంధం లేదు. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన ఆ సాయం 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలైంది. మీ చిన్నాన్నగారికి అది అందుతున్నదో లేదో ఒకసారి పాస్‌బుక్కులో చూడండి.

ఇక శాఖల విషయం. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. అందువల్ల రోగిని చూసి, మందులిచ్చి, ఇంటికి మనిషిని పంపే బాధ్యత రాష్ట్రానిది, నగరంలో అయితే కార్పొరేషన్‌ది. క్షయ కార్యక్రమానికి విధివిధానాలు రూపొందించేది, మందులలోను ఖర్చులోను పెద్ద వాటా భరించేది కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ. ఐసీఎంఆర్ అదే మంత్రిత్వ శాఖ నీడన ఉన్నప్పటికీ ఆరోగ్య పరిశోధన విభాగం అనే వేరే విభాగం కిందికి వస్తుంది. పరిశోధకుల చేతిలో ప్రయోగశాల ఉంటుంది గాని రోగులు ఉండరు. ఆరోగ్య కేంద్రం చేతిలో రోగులు ఉంటారు గాని ఏ మందు ఎన్ని నెలలు ఇస్తే చాలునో తేల్చగల తీరిక, సాధనాలు ఉండవు. మీ ఇంటికి ఇద్దరు మనుషులు రావడం వెనుక ఉన్న అవసరం ఇదే.

ఈ కలయిక మన చెన్నైకి కొత్త కాదు. ఒకప్పుడు క్షయ సోకిందంటే తాంబరానికో, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరానికో పంపి నెలల తరబడి శానిటోరియంలో ఉంచేవారు. పడకలు తక్కువ, రోగులు ఎక్కువ. ఆ దశలో, 1956లో, ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి మద్రాసులో క్షయ చికిత్స పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పాయి. డాక్టర్ వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో అక్కడివారు నగరంలోని పేద రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టును శానిటోరియంలో ఉంచి, రెండో జట్టుకు ఇంటి దగ్గరే ఐసోనియాజిడ్, పాస్ అనే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. 1959లో వెలువడిన ఫలితాల ప్రకారం శానిటోరియంలో ఉన్నవారిలో 92 శాతం మందికి, ఇరుకు ఇళ్లలో, అరకొర తిండితో చికిత్స పొందినవారిలో 86 శాతం మందికి జబ్బు అదుపులోకి వచ్చింది. అయిదేళ్లపాటు గమనించినా, ఇంట్లో ఉండి మందులు వాడినవారి కుటుంబ సభ్యులకు అదనంగా జబ్బు అంటుకున్న దాఖలా కనబడలేదు. ఇంటి నుంచే క్షయకు చికిత్స అనే పద్ధతి ప్రపంచమంతటా నిలబడటానికి ఇది ముఖ్యమైన ఆధారమైంది. మీ చిన్నాన్నగారు ఇవాళ పెరంబూరులో మీ మధ్యనే ఉండి మందులు వేసుకోగలగడం కూడా ఆ మార్పు ఫలితమే. ఆనాటి కేంద్రమే నేడు చేట్‌పట్‌లో ఉన్న జాతీయ క్షయ పరిశోధన సంస్థ.

ఆ ప్రయోగం నెగ్గడానికి అసలు కారణం, నా దృష్టిలో, నాలుగు సంస్థల పేరు ప్రతిష్ఠలు కావు. రోగులను ఎక్కడ పెట్టాలో తెలియక ప్రభుత్వమే సతమతమవుతున్న ప్రశ్నను పరిశోధకులు తమ ప్రశ్నగా తీసుకోవడం. అందరూ ఎదురుచూసిన జవాబు ప్రతిసారీ రాదు. 1968లో చెంగల్పట్టు ప్రాంతంలో సుమారు 2.6 లక్షల మందితో మొదలుపెట్టిన బీసీజీ పరీక్ష, పెద్దవారిలో ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని తేల్చింది. పసిపిల్లల్లో తీవ్రమైన క్షయ రాకుండా కాపాడుతుంది కనుక వారికి దాన్ని ఇప్పటికీ వేస్తున్నారు. మింగుడుపడని ఆ ఫలితాన్ని దాచకుండా ప్రకటించడాన్ని నేను తక్కువ పనిగా అనుకోను.

ఈ కాలపు ఉదాహరణ తమిళనాడు ప్రభుత్వం ఐసీఎంఆర్‌కు చెందిన చెన్నైలోని జాతీయ సాంక్రమిక వ్యాధి శాస్త్ర సంస్థతో కలిసి 2022లో మొదలుపెట్టిన క్షయ మరణాల నివారణ పథకం. చికిత్స మొదలైన తొలి వారాల్లోనే మరణాలు ఎక్కువగా జరుగుతున్నాయి కనుక, జబ్బు తేలగానే రోగి ఎత్తుకు తగిన బరువు ఉన్నాడా, కాళ్లు వాచాయా, ఊపిరి ఎంత వేగంగా తీస్తున్నాడు, రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉంది, ఆసరా లేకుండా నిలబడగలడా అని చూస్తారు. పరిస్థితి తీవ్రంగా ఉంటే వెంటనే ఆసుపత్రిలో చేర్చుకుంటారు. వీటిలో ఒక్కదానికీ ప్రయోగశాల అక్కరలేదు, ఆరోగ్య కార్యకర్త చేయగలిగినవే. వీటిని ఎంచి ఇచ్చినవారు పరిశోధకులు, పడకలు చూపించవలసింది రాష్ట్రం. పడక దొరకకపోతే ఎంత మంచి పద్ధతి అయినా కాగితం మీదే ఉండిపోతుంది.

చివరగా మీ చేతిలోని తమిళ కాగితం. చెన్నైలో తమిళం గలగలా మాట్లాడుతూ చదవలేని తెలుగువారూ, ఇక్కడే చదువుకొని తెలుగు అక్షరాలు రానివారూ ఉన్నారు. పరిశోధకులు దీన్ని తరచు మరిచిపోతారు. సమాచార పత్రాన్ని రోగికి అర్థమయ్యే భాషలో వివరించవలసిన బాధ్యత వారిదే. చదవలేని రోగి అయితే అధ్యయనంతో సంబంధం లేని సాక్షి ఒకరు ఎదుట ఉండాలి. నమూనాలు ఎన్నిసార్లు తీస్తారు, ఎక్కడ ఎంతకాలం దాస్తారు, పేరు బయటపడకుండా ఏం చేస్తారు, నైతిక సంఘం ఫోను నంబరు ఏది అని అడగండి. కొత్త మందును పరీక్షించే ట్రయల్ అయితే దాని వివరాలు కేంద్ర రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. ఆ నంబరు కూడా అడిగి తీసుకోండి. సమాధానాలు తృప్తిగా ఉంటే చేరమనే నా సలహా. తడబడితే సంతకం వాయిదా వేయండి.

ప్రశ్న: మా నాన్నగారు ప్రైవేటు డాక్టరు దగ్గర క్షయకు మందులు వాడుతున్నారు. ఆయన వివరాలు ప్రభుత్వానికి ఎందుకు పంపారు?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: క్షయ రోగుల వివరాలు తెలియజేయడం 2012 నుంచి ప్రైవేటు వైద్యులకు కూడా తప్పనిసరి. ఆ వివరాలు నిక్షయ్ అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదవుతాయి. ప్రైవేటు వైద్యం చేయించుకున్నా, అలా నమోదైన రోగికి పైన చెప్పిన 1,000 రూపాయల సాయం వర్తిస్తుంది. బ్యాంకు వివరాలు ఇచ్చారో లేదో డాక్టరుగారి క్లినిక్కులో అడగండి.