విక్టోరియా స్టేషన్ ముందు కూలిన బాంబర్: ఒక యువ రచయిత్రికి లేఖ

అమ్మాయీ,

నీ కథనం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిలు పట్టుకుని. రోజూ లండన్ విక్టోరియా స్టేషన్‌లో రైలు దిగి ఆఫీసుకు వెళ్లే నీకు, 1940 సెప్టెంబర్ 15న అదే స్టేషన్ ముందు ఒక జర్మన్ బాంబర్ కూలిందని తెలిసినప్పటి నుంచి మనసు అక్కడే తిరుగుతోందని రాశావు. మంచిదే. మనసు తిరగనిచోట ఎంత చదివినా అక్షరం కదలదు. "మాస్టారూ, ఇందులో లోపం చెప్పండి" అన్నావు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నీ ఆరంభంలో, తుపాకీ గుళ్లు అయిపోయిన బ్రిటిష్ పైలట్ సార్జెంట్ రే హోమ్స్ కింద బకింగ్‌హామ్ రాజభవనాన్ని చూస్తాడు. రాజుగారి ఇంటిని ఎలాగైనా కాపాడాలని పళ్లు బిగించి, తన యుద్ధవిమానం హరికేన్‌ను ఆ జర్మన్ డోర్నియర్ బాంబర్ తోక మీదికి నడుపుతాడు. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. కానీ ఆ క్షణంలో అతని మనసులో ఉన్నది అదేనని నీకెవరు చెప్పారు?

హోమ్స్ 504వ స్క్వాడ్రన్‌లో పైలట్. పోరాటం ముగించి దిగిన ప్రతి పైలట్ నివేదిక ఇవ్వాలి. అతనిదీ ఉంది. నాలుగోసారి పక్క నుంచి దాడి చేశానని, శత్రు విమానం మీదుగా దాటుతుండగా తన కుడి రెక్క ఒక్కసారి కుదిపినట్లయిందని, హరికేన్ అదుపు తప్పి గింగిరాలు తిరిగిందని, బహుశా ఆ విమానం తన కింద పేలి ఉంటుందని అందులో చెప్పాడు. ఢీకొట్టాలని నిశ్చయించుకున్నానన్న మాట లేదు. గుళ్లు అయిపోయి, కావాలనే రెక్కతో తోకను కోశానన్నది తరువాతి కాలంలో అతను చెప్పిన వృత్తాంతం. ఒకే మనిషి, ఒకే క్షణం, రెండు కథనాలు. నువ్వు రెండోదాన్ని మాత్రమే తీసుకుని, దానికి ఆలోచనలు కూడా అల్లావు.

హోమ్స్‌ను అబద్ధాలకోరు అనమని చెప్పడం లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడిన రోజు గురించి నేను ఒకప్పుడు పెద్దల నోట వివరాలు సేకరించాను. ఒక పెద్దాయన ఆ విమానాల రొదను, సముద్రం వైపు లేచిన పొగను కళ్లకు కట్టినట్లు చెప్పాడు. నేను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. తరువాత ఆయన బడి రికార్డు చూస్తే ఆయన పుట్టింది 1944లో. వాళ్లమ్మ చెప్పింది వినీ వినీ, అది ఆయన కళ్లలోకి దిగిపోయింది. ఆయన చెప్పిన ప్రతి మాటనూ నమ్మి చెప్పాడు. అప్పటి నుంచి ఏ వృత్తాంతం విన్నా, ఇది మొదటిసారి ఎప్పుడు కాగితం మీదికి వచ్చింది, ఎవరు అడిగితే వచ్చింది అని పక్కన తేదీ వేసుకోవడం అలవాటైంది. నువ్వూ వేసుకో. రెండు కథనాలనూ తేదీలతో పక్కపక్కన పెట్టు. ఏది నిజమని తీర్పు చెప్పాల్సిన తొందర లేదు.

తోక లేకుండా కిందికి పడుతున్న ఆ డోర్నియర్ ఫోటో నీ దగ్గర ఉందన్నావు. అది గొప్ప సాక్ష్యం. తోక విరిగిందని అది చెబుతుంది, ఎందుకు విరిగిందో చెప్పదు. హోమ్స్ దగ్గరికి వచ్చేసరికే ఆ విమానం గుంపు నుంచి వెనుకబడింది. అంతకుముందే వేరే పైలట్లు దాని మీద కాల్పులు జరిపారు. ఒకే విమానాన్ని ఇద్దరు ముగ్గురు తామే కూల్చామని నిజాయితీగా నమ్మడం ఆ రోజుల్లో మామూలే. ఆ ఒక్కరోజు 185 జర్మన్ విమానాలను కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. తరువాత జర్మన్ల సొంత నష్టాల రికార్డులతో సరిచూస్తే లెక్క 60 దగ్గర తేలింది. అందుకే బ్రిటిష్ కాగితం ఒక్కటి చూసి ఎప్పుడూ ఊరుకోకు. తమ విమానం తిరిగి రాలేదన్న విషయం అందరికన్నా ముందు తెలిసేది దాన్ని పంపినవాళ్లకే.

రాజభవనం సంగతి. ఆ ఆదివారం మధ్యాహ్నం వచ్చింది జర్మన్ బాంబర్ దళం కేజీ 76. సుమారు పాతిక డోర్నియర్లు. వాటి గురి బ్యాటర్సీ దగ్గరి రైలు మార్గాల కూడలి. విక్టోరియాకు అది థేమ్స్ అవతలి ఒడ్డు. మరి రాజభవనం కథలోకి ఎలా వచ్చింది? రెండు రోజుల ముందు, 13న, రాజు, రాణి లోపల ఉండగానే భవనం మీద బాంబులు పడ్డాయి. జనం మనసులో ఆ గాయం పచ్చిగా ఉంది. భవనానికి కూతవేటు దూరంలో బాంబర్ కూలితే, దాన్ని ఆపినవాడు రాజును కాపాడినవాడయ్యాడు. ఇతిహాసం పుట్టిన తీరు ఇది. దీన్ని కొట్టిపారేయకు, దీనికి ఒక పేజీ ఇవ్వు. నీ కథనంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఈ పేజీయే అవుతుంది.

ఇక నాకు బాధ కలిగించిన చోటు. నీ పన్నెండు పేజీల్లో జర్మన్లు "శత్రువులు" అన్న ఒక్క మాటగా మిగిలిపోయారు. ఆ విమానం గుర్తు ఎఫ్1+ఎఫ్‌హెచ్. అది నంబరు పలక లాంటిదే, చదవడం నేర్చుకో. మొదటి రెండూ దళాన్ని చెబుతాయి, అంటే కేజీ 76. మధ్యలోని సిలువ గుర్తు (+) తరువాతి ఎఫ్ ఆ విమానం సొంత అక్షరం. చివరి హెచ్ మొదటి స్టాఫెల్‌ది, అంటే దళంలోని చిన్న జట్టుది. ఆ గుర్తు పట్టుకుని వెళ్తే మనుషులు దొరుకుతారు. ఇద్దరు గన్నర్లు చనిపోయారు. ఇద్దరు పారాచూట్లతో దూకి బందీలయ్యారు. పైలట్ రాబర్ట్ జేబే కూడా దూకాడు. మన క్రికెట్ అభిమానులందరికీ తెలిసిన ఓవల్ మైదానం దగ్గర, కెన్నింగ్టన్‌లో దిగాడు. అక్కడి జనం అతని మీద పడి కొట్టారు. సైనికులు విడిపించి తీసుకువెళ్లినా, గాయాలతో చనిపోయాడు.

ఇది నీకు తెలుసు. నీ నోట్సులో ఉంది, కథనంలో లేదు. బహుశా రాయడానికి చేయి రాలేదు. రాయాలి తల్లీ. కానీ ఆ జనాన్ని రాక్షసులుగా చూపకు, వెనకేసుకునీ రాకు. సెప్టెంబర్ 7 నుంచి ప్రతి రాత్రీ లండన్ మీద బాంబులు పడుతున్నాయి. ఎనిమిది రాత్రులు నిద్ర లేని వీధి అది. ఆ సంగతి చెప్పి, జరిగింది చెప్పి, ఆపై ఒక్క విశేషణం కూడా వాడకు.

కాగితాల కోసం లండన్ శివారులో, క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కు వెళ్లు. పోరాట నివేదికలు ఎయిర్ 50 వరుసలో, స్క్వాడ్రన్ల దినచర్య పుస్తకాలు ఎయిర్ 27లో ఉంటాయి. వీలైతే తెరమీద చూసి సరిపెట్టుకోకుండా ఒక్కసారైనా అసలు కాగితాన్ని తాకు. కొట్టివేతలు, అంచున రాసిన పెన్సిలు మాటలు అక్కడ కనిపిస్తాయి. ఎక్కడైనా కూలిన చోటు చూసినా, తుక్కు ముక్క అయినా ముట్టుకోవద్దు. 1986 నాటి చట్టం ప్రకారం సైనిక విమానం కూలిన చోట తవ్వాలంటే అనుమతి ఉండాలి. హోమ్స్ హరికేన్ ఇంజన్‌ను 2004లో బకింగ్‌హామ్ ప్యాలెస్ రోడ్డు కింద నుంచి తవ్వి తీశారు. అప్పటికి అతను బతికే ఉన్నాడు. 2005లో, తొంభై ఏళ్లకు, కన్నుమూశాడు.

రెండో ప్రతిని ఆ రాజభవనంతో కాక, నివేదికలో ఉన్న ఆ కుదుపుతో మొదలుపెట్టి చూడు. రెక్క అదిరింది, ఎందుకో అతనికి తెలియదు. అక్కడి నుంచి నువ్వు ఎటు వెళ్తావో చూడాలని ఉంది. దసరా లోపు పంపించు. జేబే ఏ ఊరివాడో దొరికితే అప్పటిదాకా కూడా ఆగకు, ఆ ఒక్క ముక్క ముందుగా రాయి.

ఆశీస్సులతో,
మాస్టారు