రాయగడకు వస్తున్న తమ్ముడికి

తమ్ముడూ, మీ ఉత్తరంలో తొమ్మిది ప్రశ్నలున్నాయి. ఇంటి అద్దె, పిల్లల బడి, గ్యాసు, పెద్దబాబు మొదటి దివ్యసత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్), అన్నీ అడిగారు. మీరు పగలంతా మిల్లులో ఉంటే మీ భార్య ఎవరితో మాట్లాడుతుందో మాత్రం అడగలేదు. 1998లో ఇక్కడికి వచ్చినప్పుడు నేనూ ఆ ప్రశ్న వేసుకోలేదు. కాబట్టి మిగతావాటికి రెండు మాటల్లో జవాబు చెప్పి దాని దగ్గరికే వస్తాను.

పిల్లల జ్ఞానస్నాన పత్రాలు, మీ వివాహ పత్రం, మీ విచారణ గురువుల (మీ చర్చి ఫాదర్) నుంచి ఒక పరిచయ లేఖ తెచ్చుకోండి. ఇంకేమి కావాలో ఇక్కడి ఫాదర్ చెబుతారు. క్రైస్తవులైన దళితులకు ఆంధ్రలో ఇచ్చే బీసీ-సీ ధ్రువపత్రం ఒడిశా ప్రభుత్వ రిజర్వేషన్లకు పనికిరాదు. దాన్ని నమ్ముకుని పిల్లల చదువుల లెక్క వేయకండి. ఇల్లు మాత్రం అద్దె తక్కువని ఊరి చివర తీసుకోకండి. నేను అదే చేశాను.

రాయగడలో తెలుగు నడుస్తుంది, పరాయి ఊరు అనిపించదు అని మీకెవరో చెప్పారట. నిజమే, బజారులో నడుస్తుంది. కానీ ఇక్కడి తెలుగువాళ్లలో ఎక్కువమంది హిందువులు. తెలుగు క్రైస్తవులు కనిపించినా చాలావరకు బాప్టిస్టులు, లూథరన్లు, పెంతెకొస్తు వాళ్లు. కతోలికుల్లో ఒడియా, కువి, సౌరా మాట్లాడేవాళ్లే ఎక్కువ. తెలుగువాళ్ల మధ్య కతోలికులమని ఒంటరి, కతోలికుల మధ్య తెలుగువాళ్లమని ఒంటరి. మగవాడికి ఇది అంతగా తెలియదు. మిల్లులో పదిమంది ఉంటారు.

మేము వచ్చిన కొత్తలో రెండు ఆదివారాలు చర్చిలో ఒడియా పూజకు వెళ్లి వెనక వరుసలో నిలబడ్డాం. ఒక్క ముక్క అర్థం కాలేదు. మూడో ఆదివారం నుంచి మానేశాను. ఇంట్లో జపమాల చెప్పుకుంటే చాలు, క్రిస్మస్‌కూ ఈస్టరుకూ ఎలాగూ కృష్ణా జిల్లాలోని మా ఊరు వెళతాం కదా అని తీర్మానించాను. తీర్మానించింది నేను, ఆ ఇంట్లో రోజంతా గడిపింది ఆమె. రెండేళ్ల పాప, కడుపులో బాబు, ఊరి చివర రెండు గదులు.

ఒక రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి లోపల మాటలు వినిపించాయి. ఎవరో వచ్చారనుకున్నాను. చూస్తే మా ఆవిడ గుణదల మాత పటం ముందు కూర్చుని మాట్లాడుతోంది. అది ప్రార్థన కాదు. ఆ రోజు వంకాయలు ఎంతకు కొన్నదో, పాప ఏ కొత్త మాట నేర్చిందో చెబుతోంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. అయినా మర్నాడు నేను మార్చిందేమీ లేదు. జీతం సరిపోతోంది, ఇంటికి డబ్బు పంపుతున్నాను, కాపురం బాగానే ఉందనుకున్నాను.

బాబు పుట్టాడు. జ్ఞానస్నానం మా ఊళ్లో, మా వాళ్ల మధ్య, విందుతో జరగాలని పట్టుబట్టాను. పుట్టిన కొన్ని వారాల్లోనే ఇప్పించాలని శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, చెబుతుంది. నేను సెలవు కోసం, డబ్బు కోసం ఎనిమిది నెలలు ఆపాను. ఇంతలో మలేరియా వచ్చింది. బిడ్డకు ఫిట్స్ మొదలయ్యాయి. ఆసుపత్రి వార్డులో పక్క మంచం దగ్గర ఉన్న ఒడియా ఆమె మా ఆవిడ మెడలోని ఉత్తరీయాన్ని (కతోలికులు వేసుకునే స్కాపులర్) చూసి, వచ్చీరాని తెలుగులో “బాబుకు జ్ఞానస్నానం అయిందా?” అని అడిగింది. ఇద్దరం తల దించుకున్నాం. ఆ రాత్రే వెళ్లి ఫాదర్‌ను వెంటబెట్టుకొచ్చింది. స్టీలు గ్లాసులో నీళ్లతో మా వాడికి జ్ఞానస్నానం జరిగింది. అంతకుముందు ఫాదర్ మా ఇద్దరి పేర్లూ అడిగారు. ఆయన ఉండే చోటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఏడాదిన్నరగా కాపురం ఉన్నాం, ఆయనకు మా పేర్లు తెలియవు. తమ్ముడూ, నా జీవితంలో నేను అంత సిగ్గుపడిన క్షణం ఇంకొకటి లేదు.

బాబు బతికాడు. ఆ ఒడియా ఆమే వాడికి జ్ఞానతల్లి (గాడ్ మదర్) అయింది. పిల్లలిద్దరూ ఈనాటికీ ఆమెను మావుసీ (పిన్ని) అనే పిలుస్తారు. ఆ తర్వాత మేము ప్రతి ఆదివారం వెళ్లాం. ఆరు నెలలకు మా ఆవిడ ఒడియాలో పాటలు పాడుతోంది. ఒంటరితనం పోయిన తర్వాతే ఆమెకు భాష వచ్చింది. భాష వచ్చాక వెళదామనుకుంటే ఇప్పటికీ వెనక వరుసలోనే ఉండేవాళ్లం. అప్పట్లో రాయగడ బరంపురం మేత్రాసనంలో (బిషప్ పాలించే ప్రాంతం) ఉండేది, 2016లో ఇక్కడికే సొంత మేత్రాసనం వచ్చింది. మీకు అన్నీ దగ్గర్లో అమరాయి, మాకు అమరలేదు. అయినా నిలబడ్డాం, ఇల్లు కట్టుకున్నాం, పిల్లలను చదివించుకున్నాం.

అయితే ఒడియాలో పడి తెలుగు ప్రార్థన వదిలేయకండి. ఇది నేను చేసిన రెండో తప్పు. ట్యూషన్ల వేళకు అడ్డమని సాయంత్రం జపమాల ఆపేశాం. 2009లో మా అమ్మ చివరి మంచం మీద ఉన్నప్పుడు “దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా” అని మొదలుపెట్టి, మనవలు అందుకుంటారని ఆగింది. వాళ్లకు రాదు. అమ్మ కాసేపు చూసి, మిగతా సగమూ తనే చెప్పుకుంది. ఊరి నుంచి తిరిగి వచ్చిన రోజే జపమాల మళ్లీ మొదలైంది. రోజుకు జపమాలలో ఒక్క పది పూసల వరుసైనా చెప్పించండి.

భయం గురించి కూడా అడిగారు. 2008లో కంధమాల్‌లో క్రైస్తవులపై దాడులు జరిగినప్పుడు కొన్ని వారాలు మాకూ నిద్ర లేదు. ఆ రోజుల్లో పిల్లలను తమ ఇంట్లో పడుకోబెట్టుకున్నది మా పక్కింటి తెలుగు కుటుంబం, హిందువులు. అందుకే ఇల్లు చూసేటప్పుడు గదులకంటే ముందు ఇరుగుపొరుగును చూడమంటాను.

రైలు ఏ రోజు దిగుతారో రాయండి, స్టేషనుకు వస్తాం. ఆ వారం వంట మా ఇంట్లోనే. మరదలి ఫోను నంబరు నాకు వద్దు, మా ఆవిడకు పంపండి. ఇప్పటి నుంచే మాట్లాడుకుంటారు.